తెర మీది బంగళా
(మహబూబ్‌నగర్‌లో చేసిన స్మారకోపన్యాసం)

కెమెరాలు మెడలో వేసుకుని ముందు వరుసలో కూచున్న పిల్లలారా!

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ గురువుగారి స్టూడియోలో నేను మూడేళ్లు పని నేర్చుకున్నాను. గోడకు ఒక తెర ఉండేది. దాని మీద బంగళా, మెట్లు, మెట్లకు అటూ ఇటూ పూలకుండీలు. కూలి పనికి బొంబాయి బస్సెక్కే ముందు వలస కుటుంబాలు వచ్చి దాని ముందు ఫోటో దిగేవి. తట్టా పారా గుమ్మం బయటే పెట్టి వచ్చేవాళ్లు. ఒకామె "సారూ, మెట్లు మంచిగ కనబడాలె" అన్నది. నేను నవ్వాను. గురువుగారు ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఆ కుటుంబాలకు ఇల్లు లేదనడం సరికాదు. ఊళ్లో ఇల్లుంది, దానికి తాళముంది. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఆ తాళం తియ్యరు. అప్పటిదాకా కాపురం డ్యాం కట్టకాడ, అపార్ట్‌మెంటు పునాది పక్కన, తాటిపత్రి కింద. మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి పదేళ్ల కింద వారానికి ఒక్క ఆర్టీసీ బస్సుండేదని, ఇప్పుడు 34 పోతున్నాయని 2003లో పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. మన కరువుకు అంతకంటే మంచి ఫోటో నేను చూడలేదు. అది ఫోటో కాదనుకోండి.

కరువు ఇళ్లకు తాళం వేయిస్తే, శ్రీశైలం డ్యాం ముంపులో అలంపూర్, కొల్లాపూర్ వైపు ఊళ్లే పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయిగా విప్పి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. చెయ్యాల్సిన పనే. ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకోనిదే గుడి మళ్లీ లేవదు. ఏ గడప ఎవరిదో అంత శ్రద్ధగా ఎవరు గుర్తు పెట్టారు? అది మన ఫోటోగ్రాఫర్ల పనిగా ఉండాల్సింది.

మన వృత్తికి పాత పాపాలున్నాయి. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో హూపర్ అనే సైనికాధికారి ఎముకలు తేలిన మనుషులను వరసగా కూచోబెట్టి, ఫ్రేము కుదిరేలా సర్ది ఫోటోలు తీశాడు. 1936లో కాలిఫోర్నియాలో డొరోతియా లాంగ్ బఠాణీ కోత కూలీల గుడారం దగ్గర ఒక తల్లిని తీసింది. ఫోటో పత్రికలో పడగానే ఆ శిబిరానికి తిండి సామాను కదిలింది. అప్పటికే ఆ కుటుంబం ముందుకు వెళ్లిపోయింది. ఆ తల్లి పేరు లాంగ్ అడగలేదు. లోకానికి అది తెలిసేసరికి 1978 వచ్చింది. ఆ ఫోటోతో తనకు పైసా రాలేదని ఆ తల్లి బాధపడింది.

పేరు చెబితే ఏమవుతుందో నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల సంగతిలో చూడండి. అక్కడ వంగిన ఎముకలతో పాటు పేరూ ఊరూ కూడా బయటికొచ్చాయి: మర్రిగూడ మండలం శివన్నగూడెం, అంశాల స్వామి. అందుకే ఆ గోడు ఢిల్లీ దాకా పోయింది.

మన ఎగ్జిబిషన్లలో నలుపు తెలుపు ముసలి ముఖాలుంటాయి. ముడతలు భలే పడ్డాయని మెచ్చుకుని చాయ్ తాగి వస్తాం. కింద "వలస జీవి" అని రాసుంటుంది. ఏ ఊరి నుంచి, ఎవరి దగ్గర పనికి, ఎంత అప్పుకు? ఉండదు. పేరు రాస్తే మేస్త్రీ పట్టుకుంటాడని భయపడేవాళ్లూ ఉంటారు, నిజమే. వాళ్ల ముఖం తియ్యకండి. మూడు రాళ్ల పొయ్యి, మసిబారిన గిన్నె, వెనకాల పన్నెండంతస్తులు. ఆ ఫోటోకు ముఖం అక్కర్లేదు.

గురువుగారు పోయాక స్టూడియో ఖాళీ చేస్తుంటే ఒక సొరుగు నిండా కవర్లు దొరికాయి. డబ్బు కట్టి, ఫోటో తీసుకోకుండానే బస్సెక్కినవాళ్లవి. ప్రతి కవరు మీద ఆయన చేతిరాతతో పేరు, ఊరు, తండ్రి పేరు. పీర్ల పండుగకు వలసపోయినవాళ్లు ఊళ్లకొస్తారు. సైకిలు మోటారున్న పిల్లలు సభ అయ్యాక నన్ను కలవండి. తలా పది కవర్లిస్తాను, ఇచ్చిరండి.