గోడవతలి వై-ఫై

ఉర్దూ పాఠాలు చెప్పుకునే మమ్మల్ని ఇంటర్నెట్ మీద మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. తెలిసినంత మనవి చేస్తాము.

2020లో బడులు మూసినప్పుడు పాఠాలు ఫోనులోకి ఎక్కాయి గదా. మా తరగతి గుంటడొకడు ఠంచనుగా హాజరయ్యేవాడు. ఇంట్లో నెట్టు వేయించే స్తోమతు లేదు. ఎలారా అంటే, "పక్కింటోళ్ల వై-ఫై మాష్టారూ, ఆళ్ల కుర్రోడు పాస్‌వర్డు చెప్పీసినాడు" అన్నాడు. మేము శభాష్ అన్నాము! వారం తిరక్కుండా ఆ ఇంటాయనకు తెలిసింది. గుంటడిని నాలుగు దులిపి పాస్‌వర్డు మార్చేశాడు. పాఠాలు ఆగిపోయాయి. తప్పు మాదే. ఆలస్యంగానైనా వెళ్లి, వాకిట్లో నిలబడి, రోజుకో గంట ఇమ్మని అడిగాము. "ముందే అడగొచ్చు గదా మాష్టారూ" అని ఇచ్చాడు.

ఆయన కోపంలోనూ న్యాయముంది. కనెక్షను ఎవరి పేరున ఉంటే ముందుగా అడిగేది వారినే. 2008 జులైలో అహమ్మదాబాదు పేలుళ్లకు కాస్త ముందు వెళ్లిన ఈ-మెయిలు, నవీ ముంబయిలో కాపురమున్న ఒక అమెరికను ఇంటి వై-ఫై మీదుగా పోయింది. దానికి తాళం లేదు. పోలీసులు మొదట ఆయన తలుపే తట్టారు. మనబోటివారి తలుపు తడితే ఎలా ఉంటుందో పెద్దలకు వేరే చెప్పనక్కర లేదు.

అలాగని తలుపులు బిగించుకోమనము. చాలా రౌటర్లలో 'గెస్ట్' అని రెండో పేరు, వేరే పాస్‌వర్డు పెట్టుకునే వీలుంది. పని కాగానే ఆపేయవచ్చు. జవాబుదారీ మనదే గనుక తెలిసినవారికే ఇవ్వాలి. కంపెనీ షరతులూ ఓసారి చూసుకోవాలి.

ఎవరినీ బతిమాలనక్కరలేని చోటు రైల్వే స్టేషను. 2016 జనవరిలో రైల్‌టెల్, గూగుల్ కలిసి ముంబయి సెంట్రల్‌లో మొదలుపెట్టాయి. అదే ఏడు విశాఖపట్నానికీ వచ్చింది. గూగుల్ తప్పుకున్నా రైల్‌టెల్ నడుపుతోంది. మొదటి అరగంట ఉచితం. ఎర్నాకుళం స్టేషనులో మూటలు మోసే కూలీ ఒకాయన ఆ వై-ఫైతోనే పాఠాలు వింటూ 2018లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్ష నెగ్గాడు. మన కుర్రాళ్లకు ఆ అరగంట రీళ్లకే చాలదనుకోండి, అది వేరే సంగతి.

ఇక అసలు మాట. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకానికి ఆమోదమిచ్చింది. దాని కింద టీకొట్టువారైనా లైసెన్సు లేకుండా, రుసుము కట్టకుండా నెట్టు పంచవచ్చు. అగ్రిగేటరు అనే సంస్థతో కలవాలి. ఎవరు వాడారన్న లెక్క ఆ సంస్థ చూసుకుంటుంది. మన సంఘం గదిలో అది పెడదామని మా కోరిక. సాయంత్రాలు పిల్లలు చదువుకుంటారు. రథసప్తమికి అరసవల్లి వచ్చిన యాత్రికుడు ఇంటికి కబురు పంపుకుంటాడు.

మొదటి మూడు నెలల ఖర్చు మా పేరున రాసుకోండి, కోశాధికారిగారూ.