రక్తములోని భాస్వరము: ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము



1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరి, 1948 ఆగస్టులో న్యూయార్కున అస్తమించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినగనే మనకు ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసినును, బోదకాలు వ్యాధికి వాడు హెట్రజానును జ్ఞప్తికి వచ్చును. నేనీనాడు వానికంటె ముందటిదియు, మనవారి చర్చలలో అరుదుగా వినబడునదియు నైన ఒక కొలతను గూర్చి, ఆయన ముప్పదియేండ్ల ప్రాయమున గురువుతో కలిసి రూపొందించిన రక్తభాస్వర పరీక్షను గూర్చి, విన్నవింపదలచితిని. మూత్రపిండములు చెడుట, ధమనులలో సున్నము చేరుట, రక్తము క్షీణించుట అను మూడు కష్టములు ఒకే వ్యాధికి మూడు ముఖములని లోకము తెలిసికొనుటకు నూటయేబది యేండ్లకు పైగా పట్టినది. అవయవములను విడివిడిగా చూచినంతకాలము వైద్యము తడుముకొనుచునే యుండెను. వానినన్నిటిని కలుపుచు ప్రవహించు రక్తమును కొలువనేర్చిన పిదప దానికి దారి తెలిసెను.

ఈ చరిత్రమునకు ఆద్యుడు లండనులోని గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్. ఒడలెల్ల నీరుపట్టి ఉబ్బిన రోగులకు ఆ ఉబ్బు గుండెవలన గలిగెనో, కాలేయమువలన గలిగెనో తేల్చుట ఆ దినములలో దుర్ఘటముగా నుండెను. బ్రైట్ రోగి మూత్రమును చెంచాలో పోసి కొవ్వొత్తి సెగపై పట్టి, అందులోని మాంసకృత్తు తెల్లగా గడ్డకట్టుటను గమనించి, అట్టి రోగులు మరణించిన పిదప శవపరీక్షయందు వారి మూత్రపిండములు పాడై యుండుటను కన్నులార చూచి, ఈ రెంటికిని గల సంబంధమును 1827లో ప్రకటించెను. ఎడింబరోలో రాబర్ట్ క్రిస్టిసన్ ఇట్టివారి రక్తమును పరీక్షించి, వ్యాధి ముదిరినకొలది రక్తమునకు ఎఱుపునిచ్చు పదార్థము తఱుగుచున్నదని 1839లో వెలువరించిన గ్రంథమున వ్రాసెను. జర్మనీలో రుడాల్ఫ్ ఫిర్కో, ఎముకలనుండి కరిగిన సున్నము రక్తము వెంట పయనించి మెత్తని అవయవములలో పేరుకొనుటను 1855లో వర్ణించెను. ఈ రీతిగ ముప్పదియేండ్ల లోపలనే మూడు ముఖములును వేర్వేఱు వైద్యుల కంటబడినవి. కాని వాని నడుమనున్న సూత్రమును పట్టుకొనుటకు కావలసిన కొలతలు అప్పటికి లేవు.

హార్వర్డు వైద్యకళాశాలలో, రక్తరసాయనమునకు ప్రమాణములు నిర్మించిన ఆటో ఫోలిన్ ఆధిపత్యమునందున్న శాఖలో, సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని యొద్ద సుబ్బారావుగారు చేరిరి. వీరిరువురును 1925లో ప్రకటించిన పద్ధతి చూచుటకు మిక్కిలి సులభము. రక్తద్రవమునకు ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లమును కలిపినచో మాంసకృత్తులు విఱిగి అడుగునకు దిగును. వడగట్టిన తేటకు ఆమ్లముతో కూడిన మోలిబ్డేటును చేర్చినచో భాస్వరము దానితో సంయోగము చెందును. పిమ్మట అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమును పోసినచో కొలది నిమిషములలో నీలవర్ణము పొడసూపును. భాస్వరమెంత హెచ్చో నీలమంత గాఢము. వర్ణమాపకమున కన్నానించి చూడగా వృత్తమున ఒక సగము రోగి రక్తపు నీలమును, రెండవ సగము తెలిసిన ద్రావణపు నీలమును కనబడును. రెండు సగములును ఏకవర్ణమగువఱకు మరను త్రిప్పి అచ్చటి అంకెను చదివికొనుటయే తక్కిన పని. ఈ పరీక్ష చేతనుండుటవలననే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియేటినును, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఏటీపీని ఆ ఇరువురును కనుగొనగలిగిరి. ఆస్పత్రులలో దాని ఫలితము వేఱొక విధముగ కనబడెను: ఆరోగ్యవంతుని డెసిలీటరు రక్తద్రవమున రమారమి 2.5 మొదలు 4.5 మిల్లీగ్రాముల వఱకు మాత్రమే యుండవలసిన భాస్వరము, మూత్రపిండములు సడలినవానియందు ఎంత పెరుగుచున్నదో ఇపుడు అంకెలలో తెలియవచ్చెను.

అంకె తెలిసినంతమాత్రమున రోగి బ్రతుకడు గదా! జర్మనుల ఆక్రమణలోనున్న హాలెండులోని కాంపెన్ పట్టణమున విలెం కోల్ఫ్, సాసేజీల తయారీలో వాడు సెలోఫేన్ గొట్టమును పీపాకు చుట్టి, అందుగుండ రక్తమును పాఱించి శుద్ధిచేయు యంత్రమును 1943లో నడపెను. 1960లో సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్, టెఫ్లాన్ గొట్టమును చేతిలోని ధమనికిని సిరకును నడుమ నిలిపియుంచుటచే, మరల మరల ఆ రక్తశుద్ధిని, అనగా డయాలిసిస్‌ను, చేయుట సాధ్యమయ్యెను. కొలది వారములలో మరణింపవలసినవారు ఏండ్ల తరబడి జీవింపసాగిరి. అంతట ఇంతవఱకు మరణము కప్పిపెట్టిన విషయములు బయలువెడలినవి: వారి ఎముకలు నొచ్చి విఱుగుచుండెను, నాళములు గట్టిపడుచుండెను, రక్తము వెలవెలబోవుచుండెను.

సెయింట్ లూయిస్ నగరమున ఎడ్వర్డో స్లాటొపోల్‌స్కీ, నీల్ బ్రికర్ మొదలగువారు మూత్రపిండశక్తి తగ్గించిన కుక్కలకు, ఆ శక్తి తగ్గినంత మేరకే ఆహారములోని భాస్వరమునుగూడ తగ్గించిరి. అట్టివానిలో, రక్తములోని సున్నపు మట్టమును కాపాడు పారాథైరాయిడ్ గ్రంథి చెలరేగలేదు. మూత్రపిండము వెడలగొట్టలేని భాస్వరమే ఆ గ్రంథిని రెచ్చగొట్టి, ఎముకనుండి సున్నమును కరగించుచున్నదని దీనివలన తేలెను. డయాలిసిస్ మీద జీవించువారిలో భాస్వరము 6.5 మిల్లీగ్రాములు మించినపుడు మరణభయము 27 శాతము హెచ్చుచున్నదని 1998లో అమెరికాలో వెలువడిన పరిశీలనము చూపెను. 2000లో ప్రకటితమైన మఱియొక పరిశీలనమున, బాల్యమునందే మూత్రపిండములు చెడి డయాలిసిస్‌కు వచ్చినవారిలో 20 మొదలు 30 ఏండ్ల ప్రాయముగల 16 మందిని పరీక్షింపగా, 14 మందికి గుండెధమనులలో సున్నము కనబడెను. వార్ధక్యమున రావలసిన మార్పు యౌవనముననే వచ్చిపడుట వైద్యలోకమును కలవరపఱచెను.

కాగు అడుగున ఉప్పునీటి సున్నము పొరకట్టినట్లు ధమనులలో ఇది తనంతట పేరుకొనుచున్నదని పెద్దలు చిరకాలము భావించిరి. ఆ 2000వ సంవత్సరముననే సియాటిల్‌లో సిసీలియా గయాచెల్లి పరిశోధకబృందము మానవధమనినుండి తీసిన కండరకణములను భాస్వరము హెచ్చుగానున్న ద్రవములో పెంచి చూడగా, ఆ కణములు భాస్వరమును లోనికి పీల్చుకొని, కండరధర్మమును విడనాడి, ఎముకను కట్టు కణముల లక్షణములను ధరించి, తమ చుట్టును సున్నమును నిలుపుకొనుచుండెను. భాస్వరము మామూలు మట్టములోనున్న ద్రవమున ఇట్లు జరుగలేదు. అనగా నాళము ఊరక గట్టిపడుటలేదు; కండరముగా పుట్టినది ఎముకగా మాఱుటకు పూనుకొనుచున్నది. ఈ మార్పునకు ప్రేరకములలో ముఖ్యమైనది, బోస్టనులో 1925లో నీలవర్ణముచే కొలువబడిన ఆ భాస్వరమే.

ఇక రక్తమును గూర్చి. రక్తము తీసిన కుందేళ్ల సీరమును వేఱు కుందేళ్లకెక్కించినచో వానిలో ఎఱ్ఱకణములు పెరుగునని 1906లో పారిస్‌లో కార్నో, దఫ్లాండ్ర్ అనువారు చెప్పిరి. ఆ ప్రేరకము పుట్టుచోటు మూత్రపిండమేయని 1957లో చికాగోలో లియాన్ జేకబ్సన్, యూజీన్ గోల్డ్‌వాసర్ ప్రభృతులు ఎలుకలయందు నిరూపించిరి. దానిని శుద్ధరూపమున పట్టుటకు గోల్డ్‌వాసర్‌కు మఱి ఇరువదియేండ్లు పట్టెను. మూలుగ ఎండి రక్తము పుట్టని రోగులలో మూత్రపిండము ఆ ప్రేరకమును మిక్కుటముగ స్రవించుటచే అది మూత్రమునగూడ వెలువడును. జపానులోని కుమమోటోలో తకాజి మియాకె అట్టివారి మూత్రమును 2,550 లీటర్లు ఓపికతో సేకరించి యిచ్చిన పొడినుండి, 1977లో ఎరిత్రోపోయిటిన్ అను ఆ ప్రేరకము కొలది మిల్లీగ్రాములు చేతికి వచ్చెను. దాని జన్యువు లభించిన పిమ్మట ఔషధముగ తయారుచేసి డయాలిసిస్ రోగులకీయగా, పరరక్తముపై ఆధారపడినవారు దాని అవసరము లేకయే నిలువగలిగిరని 1987లో సియాటిల్ వైద్యులు ప్రకటించిరి. అయినను హిమోగ్లోబినును ఆరోగ్యవంతుల మట్టమునకు ఎక్కింపబూనినచో గుండెకును మెదడునకును అపాయము హెచ్చునని 2006, 2009 సంవత్సరములలో వెలువడిన పెద్దపరీక్షలు హెచ్చరించినవి. హంగేరీలోని డెబ్రెసెన్ పరిశోధకులు, ఇనుమును దాచు ఫెర్రిటిన్ అను మాంసకృత్తు నాళకణములు ఎముకస్వభావము దాల్చుటను అడ్డగించునని 2009లో చూపుటతో, రక్తమును నాళమును కలుపు మఱియొక సంబంధము తెలియవచ్చెను.

సోదరులను రక్తహీనత గలిగించు సంగ్రహణికి కోల్పోయిన సుబ్బారావుగారు రక్తరోగములను మఱచువారు కారు. లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతకు ఈస్టుసారముతో నివారణ చూపిన పిదప, ఆ సారములోని గుణమునకు కారణమైన ఫోలిక్ ఆమ్లమును ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయము 1945లో నిర్మించెను. దానికి విరోధియగు అమైనోప్టెరినును సిడ్నీ ఫార్బర్ 16 మంది రక్తక్యాన్సరు బాలలకీయగా, 10 మందిలో తాత్కాలికముగనైన గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. ఆ కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటును నేటికిని మూత్రపిండముల శక్తి చూచుకొనక ఈయరాదు. ఆ మందు దేహమునుండి వెడలిపోవు మార్గము మూత్రపిండమే. రక్తమునకిచ్చు మందును మూత్రపిండము నిర్ణయించుటకంటె ఈ ఐక్యమునకు వేఱు నిదర్శనమేల?

ఇట్టి కొలతల అక్కఱ నేడు మన యెదుటనే యున్నది: శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమున, కొబ్బరితోటల నడుమ, కాయకష్టముచే బ్రతుకు జనులు పెక్కుమంది నడివయస్సుననే మూత్రపిండములు చెడి కృశించుచున్నారు. మధుమేహము, రక్తపుపోటు కారణములుగ కనబడని ఈ వ్యాధికి మూలము నేటికిని తేలలేదు. వీరిలో పలువురి మూత్రమున మాంసకృత్తు అంతగా పోదు గావున బ్రైట్ చెంచా వీరిని పట్టియీయజాలదు. ఫోలిన్ కొలువనేర్పిన క్రియేటినిన్ అను వ్యర్థపదార్థము రక్తమున పెరిగిన పిదపనే రోగము బయటపడును, అప్పటికి మూత్రపిండము సగమునకు పైగా చెడియుండును.

యువవైద్యులారా, ఉద్దానమున రోగి ఆస్పత్రికి నడచివచ్చు దినము వఱకు వేచియుండకుడు. ఆరోగ్యముగ నున్నట్లు తోచు కూలివాని రక్తమును ఏటేట పరీక్షించి, క్రియేటినినును భాస్వరమును హిమోగ్లోబినును ఒకే పుటపై వ్రాసి, ఆ అంకెల నడకను దీర్ఘకాలము కనిపెట్టుడు. ఆ వ్యాధి మూలము ఎవరికైన తెలియనున్నచో, అట్టి ఓర్పుగల లెక్కలనుండియే తెలియవలెను. అది తెలియువఱకు, ముందుగా కనిపెట్టిన ప్రతి రోగికి డయాలిసిస్‌కు ముందటి ఏండ్లు కొన్నియైన మిగులును.