ఆశ చూపండి, అబద్ధం చెప్పకండి



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, రేపు మీ ఓపీకి ఒక తల్లి పదహారేళ్ల కొడుకును తీసుకొస్తుంది. "కాలేజీకి పోవట్లేదు, అన్నం సరిగా తినట్లేదు డాక్టరు గారూ" అంటుంది. మందు రాసే ముందు ఒక్క మాట అడగండి: "ఇంతకుముందెప్పుడైనా రోజుల తరబడి నిద్రపోకుండా, అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో తిరిగాడా అమ్మా?" ఔనంటే అది బైపోలార్ కావచ్చు. అలాంటి బిడ్డకు డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మేనియాలోకి జారే ప్రమాదం ఉంది.

మందులతో గుణం కనబడనప్పుడు, అయస్కాంత పల్స్‌లతో మెదడును ప్రేరేపించే టీఎంఎస్ గురించి ఆ తల్లి అడుగుతుంది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం మొదలుపెట్టిన విధానమిది. కోత లేదు, మత్తు లేదు. పిల్లవాడు మెలకువగానే కుర్చీలో కూర్చుంటాడు. చెవులకు ప్లగ్గులు పెట్టి, నుదుటికి ఎడమవైపు కాస్త పైన కాయిల్ ఆనిస్తారు. టకటకమని చప్పుడొస్తుంది, నెత్తిమీద పొడిచినట్టుంటుంది. తలనొప్పి రావచ్చు, చాలా అరుదుగా ఫిట్స్ వస్తాయి. "ఇది కరెంటు షాకా?" అని అడిగితే కాదని ఓపికగా వివరించండి.

మిగతా నిజం కూడా చెప్పండి. 2024లో అమెరికా ఎఫ్‌డీఏ 15 నుంచి 21 ఏళ్లవారికి ఇతర చికిత్సకు తోడుగా దీన్ని అనుమతించింది. అది మామూలు డిప్రెషన్‌కే, బైపోలార్‌కు కాదు. అంతకుముందు, 2021లో, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 103 మంది కౌమార వయస్కులపై చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. అసలు కాయిల్ పెట్టినవారిలో నూటికి 42 మందికి, ఉత్తుత్తి కాయిల్ పెట్టినవారిలో 36 మందికి మెరుగనిపించింది. ఆ కొద్దిపాటి తేడాతో చికిత్స నెగ్గిందని చెప్పలేం. బైపోలార్ ఉన్న పిల్లల విషయంలో మన చేతిలో ఉన్న ఆధారాలు ఇంకా తక్కువ.

కాబట్టి బైపోలార్ ఉన్న బిడ్డకు టీఎంఎస్ ఇచ్చినా మూడ్ స్టెబిలైజర్ ఆపించకండి. నిద్ర తగ్గుతోందేమో, మాట వేగం పెరుగుతోందేమో వారం వారం చూడండి. ఆస్తి తాకట్టు పెట్టి ప్యాకేజీ కొనేలా ఏ తండ్రినీ ఆశపెట్టకండి. అర్ధరాత్రి భయమేస్తే ఫోన్ చేయమని మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి.

ఈ చికిత్స మన పిల్లలకు పనికొస్తుందో లేదో నిజాయితీగా పరీక్షించి తేల్చాల్సిన బాధ్యత మీ తరానిది. ఆ పనికి పూనుకోండి.