ఇంటికి ఏ ప్రింటరు?



పిల్లల హాల్‌టికెట్లు, ఆధార్ కాపీలు, బడి ప్రాజెక్టుకు రంగుల బొమ్మలు... ఇంట్లో ఓ ప్రింటరు ఉంటే బాగుండుననిపిస్తుంది. దుకాణంలో నిమిషానికి ఎన్ని పేజీలు వస్తాయో, వైఫై ఉందో లేదో చెబుతారు. అంతకంటే ముందు మనం లెక్క వేసుకోవలసింది మరొకటుంది: ఎన్నాళ్లకోసారి ప్రింటు తీస్తాం?

ఇంక్‌జెట్ రకం ప్రింటర్లో వాడేది తడి సిరా. వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాల్లోంచి చుక్కలుగా కాగితం మీద పడుతుంది. కొన్నిటిలో సిరాను చటుక్కున వేడిచేస్తే పుట్టే బుడగ ఆ చుక్కను బయటికి నెడుతుంది. ఎప్సన్ కంపెనీ వాటిలోనైతే కరెంటు తగలగానే వంగే పీజో పలక నెడుతుంది. ఏదైనా సరే, వారాల తరబడి ఊరికే ఉంచితే రంధ్రాల దగ్గర సిరా ఎండిపోతుంది. మన ఎండల్లో మరీను! అక్షరాల మధ్య తెల్లగీతలు పడతాయి. ఆ రంధ్రాలను కడిగే హెడ్ క్లీనింగ్ చేస్తే సాధారణంగా పోతాయి గానీ, ఆ కడగడానికి ఖర్చయ్యేదీ మీరు కొన్న సిరాయే.

లేజర్ ప్రింటర్లో టోనర్ పొడి ఉంటుంది. రంగు కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పొడి అది. లేజర్ కిరణం డ్రమ్ము మీద స్థిర విద్యుత్తుతో అక్షరాల ఆకారం ఏర్పరుస్తుంది. పొడి అక్కడ అంటుకుని, కాగితం మీదికి మారి, సుమారు 200 డిగ్రీల వేడిలో కరిగి అతుక్కుంటుంది. పొడి కనుక ఎండిపోయే బెడద లేదు. రెండు నెలలు ముట్టుకోకపోయినా ఫరవాలేదు. అయితే ఆ వేడికి కరెంటు బాగా లాగుతుంది. కంప్యూటర్ యూపీఎస్‌కు దీన్ని తగిలించకండి, నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. ఇంక్‌జెట్ కోసం అమ్మే నిగనిగలాడే ఫోటో కాగితం కూడా ఇందులో పెట్టకూడదు. దాని పూత కరిగి రోలరుకు అంటుకుంటుంది.

సిరా లేదా టోనర్ నింపిన కార్ట్రిడ్జ్ డబ్బా మీద ఎన్ని పేజీలు వస్తాయని రాసే లెక్క కాగితంలో దాదాపు 5 శాతం మేరే అచ్చు పడుతుందనుకుని వేసినది. పేజీ నిండా ఫోటో వేస్తే ఆ లెక్క చెల్లదు. చవక ప్రింటరు కొనేముందు దాని కార్ట్రిడ్జ్ ధర అడగండి, చాలాసార్లు అసలు ఖర్చు అక్కడే ఉంటుంది.

వారానికి రెండు మూడుసార్లైనా రంగుల్లో తీసేవాళ్లకు సీసాతో సిరా పోసుకునే ఇంక్ ట్యాంక్ మేలు. నలుపు అక్షరాలే, అదీ అప్పుడప్పుడూ అయితే నలుపు లేజర్ తీసుకోండి. నెలకు అయిదారు పేజీలకు మించని ఇల్లయితే మాత్రం ఏదీ కొనకండి, వీధి చివరి జిరాక్స్ షాపు చాలు.