మందు ఊరికే వస్తుంది, మందు దగ్గరికి వెళ్ళడం ఊరికే కాదు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

మీలో సగం మందిని మేము పేరు పెట్టి పిలవగలం. మీరు అన్నం తిన్న కంచాలు ఇంకా మా హాస్టల్లోనే ఉన్నాయి.

మేము అంటే ఒక్క వార్డెన్ కాదు. వంట చేసే అక్కలు, రాత్రి కాపలా ఉండే అన్న, మా ఏఎన్ఎం, అందరం కలిసి. ఈ రోజు చెప్పబోయేది మా అందరి అనుభవం. అందులో మా తప్పు కూడా ఉంది. ముందు అదే చెబుతాం.

2018 డిసెంబరు. లంబసింగి వైపు చలి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లారకముందే గంట కొట్టి పిల్లల్ని లేపేవాళ్ళం. చన్నీళ్ళ స్నానం, ప్రార్థన, స్టడీ అవర్. ఏడో తరగతి పిల్ల ఒకతె లేచేది కాదు. కాళ్ళు లాగుతున్నాయి, నడుము పీకుతోంది అనేది. చలికాలం వచ్చేసరికి నొప్పి మొదలయ్యేది. మేము ఏమనుకున్నాం? బద్ధకం అనుకున్నాం. లెక్కల పరీక్ష ఉన్నప్పుడే దీనికి నొప్పులొస్తాయి అని నవ్వాం కూడా. ఒక రోజు గట్టిగా కోప్పడి స్నానానికి పంపించాం. ఆ సాయంత్రానికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు పచ్చగా ఉన్నాయి, ముట్టుకుంటే ఏడుస్తోంది. రాత్రికి రాత్రి జీపు ఎక్కించి పాడేరు, అక్కడి నుంచి విశాఖపట్నం. పరీక్ష చేసి చెప్పారు, సికిల్ సెల్ అని.

టీచర్ ట్రైనింగ్ అయి వచ్చినవాళ్ళం కదా, బోర్డు లేకపోయినా పాఠం చెప్పకుండా ఉండలేం. మన ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సన్నని నాళాల్లో కూడా వంగి దూరిపోతుంది. ఈ జబ్బులో అది కొడవలి ఆకారానికి మారి గట్టిపడుతుంది. చలి తగిలినా, నీళ్ళు తక్కువ తాగినా, జ్వరం వచ్చినా, అతిగా కష్టపడినా ఆ కణాలు నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందనిచోట భరించలేని నొప్పి వస్తుంది. అంటే ఆ పిల్లకు చన్నీళ్ళ స్నానం క్రమశిక్షణ కాదు, శిక్ష. ఆ శిక్ష వేసింది మేమే.

ఇది అంటుకునే జబ్బు కాదు, ఎవరి చేతబడీ కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే జబ్బు. ఒకటే వస్తే జబ్బు కాదు. అలాంటివారిని వాహకులు అంటారు. వాళ్ళు మామూలుగానే బతుకుతారు. పైగా ఆ ఒక్కటి మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. తరతరాలుగా మలేరియా ఉన్న అడవుల్లో బతికిన జనంలో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. మన పూర్వీకుల్ని కాపాడిందే మన పిల్లల్లో కొందరికి కష్టం తెచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాం. హైడ్రాక్సీయూరియా అని రోజూ వేసుకునే మాత్ర ఉంది. క్రమం తప్పకుండా వాడితే నొప్పులు తగ్గుతాయి. మధ్య మధ్య రక్త పరీక్ష చేయించుకుంటూ డోసు చూసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మేము సంబరపడిపోయాం. పిల్ల తండ్రిని కూర్చోబెట్టి అన్నీ చెప్పాం. నెలనెలా తీసుకెళ్ళాలి, మానకూడదు అన్నాం. ఆయన అన్నిటికీ తల ఊపాడు. రెండు నెలలు వెళ్ళాడు, మూడో నెల మానేశాడు. కబురు పంపితే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఒక మాట అన్నాడు.

"మందు ఊరికే ఇస్తన్నారమ్మా. ఆ మందు కాడికి ఎల్లడం ఊరికే అవదు."

ఆ ఒక్క మాట మాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. మాకు ఉచితంగా కనిపించిన మందుకు ఆయన ఎంత ఖర్చు పెడుతున్నాడో అడిగి తెలుసుకున్నాం. ఇద్దరికి జీపు ఛార్జీ. ఆ రోజు కూలి పోయినట్టే. ఆలస్యమైతే రాత్రి అక్కడే ఉండాలి, హోటల్లో తినాలి. ఇంటి దగ్గర చిన్నపిల్లల్ని చూసుకోవడానికి తల్లి కూడా పని మానుకోవాలి. ఇవి మామూలు నెల ఖర్చులు. నొప్పి తిరగబెడితే సంగతి వేరు. అర్ధరాత్రి జీపు మాట్లాడుకోవాలి, వారం రోజులు ఆసుపత్రిలో ఉండాలి. అప్పుడు ఆయన వెళ్ళేది సంతలో షావుకారు దగ్గరికే. షావుకారు డబ్బిస్తాడు, కానీ వడ్డీ అడగడు. "కాఫీ పండాక నాకే వేయి" అంటాడు. పిప్పళ్ళూ అంతే, రాజ్మా అంతే. చెట్టు మీద కాయ ఉండగానే ధర షావుకారు చేతిలో పడిపోతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి తమ్ముళ్ళూ. జబ్బు పిల్ల ఒంట్లో ఉంది. కానీ అది కాఫీ తోటని కూడా పట్టుకుంది. తోట తక్కువ ధరకు పోతే మరుసటి ఏడు తిండి తగ్గుతుంది. తిండి తగ్గితే పిల్ల నీరసపడుతుంది, మళ్ళీ నొప్పి, మళ్ళీ షావుకారు. పేదరికం జబ్బుని పెంచుతుంది, జబ్బు పేదరికాన్ని పెంచుతుంది. ఆ చక్రాన్ని మాత్ర ఒక్కటే ఆపలేదు.

2020 నుంచి మన రాష్ట్రంలో తలసేమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియా ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఆ పిల్లకు అది రావడానికి ఏడాది పైనే పట్టింది. కారణం ఏమిటో తెలుసా? ఆధార్‌లో ఇంటి పేరు ఒకలా, ఆసుపత్రి కాగితంలో ఇంకోలా ఉంది. ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం దిద్దించడానికి తండ్రి ఎన్ని కార్యాలయాలు తిరిగాడో, ఎన్ని కూలి రోజులు పోగొట్టుకున్నాడో ఆయనకే తెలియాలి.

డబ్బు మొదలయ్యాక ఏం జరిగిందో చెబుతాం. మేము లెక్క అడగలేదు. పిల్లే ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. జీపు ఛార్జీ, గుడ్లు, వేరుశనగలు, మందపాటి దుప్పటి, స్వెట్టరు, నీళ్ళు కాచుకోవడానికి పెద్ద తపేలా. షావుకారు పాత బాకీకి నెలనెలా కొంత. తమ్ముడి ఫీజు. ఒక చోట ఇటుకల పండుగకు కొత్త గౌను అని ఉంది. అది చూసి మాలో ఒకరం మూతి విరిచాం. జబ్బు డబ్బుతో గౌనా అని. వంట అక్క వెంటనే అంది, "జబ్బున్న పిల్లకి పండగ ఉండకూడదా మేడం?" మేము నోరు మూసుకున్నాం. రెండో ఏడు కాఫీ పండినప్పుడు ఆ తండ్రి షావుకారుకి వేయలేదు. తూకం ఎక్కడ బాగుందో, ధర ఎక్కడ బాగుందో కనుక్కుని అక్కడ అమ్ముకున్నాడు. ఆసుపత్రి కాగితంలో ఇది ఎక్కడా కనిపించదు. కానీ ఆ ఇంటికి పట్టిన రెండో జబ్బు ఆ రోజే తగ్గడం మొదలైంది.

ఒకసారి పింఛను ఆగింది. పిల్ల హాస్టల్లో ఉంది, డబ్బు ఊళ్ళో పంచుతారు, వేలిముద్ర వేయడానికి ఆమె వెళ్ళలేకపోయింది. తర్వాత ఏదో సవరణ అన్నారు, మూడు నెలలు అలాగే పోయాయి. ఆ మూడు నెలల్లో మాత్రలు తెచ్చుకోవడం తప్పింది. చలి మొదలయ్యేసరికి నొప్పి తిరగబెట్టింది. డబ్బు ఏం చేస్తోందో అది ఉన్నప్పటికంటే లేనప్పుడే మాకు బాగా అర్థమైంది. ఇప్పుడైతే రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి తీసుకునే వీలుంది. ఈ సంగతి మన ఊళ్ళలో అందరికీ తెలియాలి.

"డబ్బు చేతికిస్తే తాగేస్తారు" అనే మాట మీరూ విని ఉంటారు. మన గురించి ఆ మాట చాలా తేలిగ్గా అనేస్తారు. తాగి పాడుచేసినవాళ్ళు లేరని మేము అనం, ఉన్నారు. కానీ ఒక్కరిని చూపించి అందరి చేతులూ కట్టేయడం న్యాయం కాదు. బ్రెజిల్ దేశంలో 2003 నుంచి పేద కుటుంబాలకు నెలనెలా నగదు ఇచ్చే బోల్సా ఫమీలియా అనే పథకం ఉంది. కోట్ల మంది వివరాలు పరిశీలించిన ఒక అధ్యయనం 2025లో వచ్చింది. ఆ డబ్బు అందుకున్న అతి పేదల్లో క్షయ బారిన పడటం, దానితో చనిపోవడం సగానికి పైగా తక్కువగా ఉన్నాయి. అక్కడి ఆదివాసుల్లో ఆ మేలు ఇంకా ఎక్కువ. వాళ్ళకి ఇచ్చింది మందు కాదు, డబ్బు. వాళ్ళు తిండి తిన్నారు, ఆసుపత్రికి వెళ్ళారు.

మన దగ్గర కూడా క్షయ రోగులకు 2018 ఏప్రిల్ నుంచి పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. బ్యాంకు ఖాతా లేక, ఉన్న ఖాతాకి ఆధార్ కలపక అది అందనివారు మీ వీధిలోనే ఉండొచ్చు.

డబ్బుతో అన్నీ అయిపోతాయని మేము చెప్పడం లేదు. డబ్బు రోడ్డు వేయదు. డోలీలో మోసుకెళ్ళే ఊరికి అంబులెన్సుని తీసుకురాదు. ఆసుపత్రిలో మాత్రలు అయిపోతే జేబులో పదివేలున్నా ఉపయోగం లేదు. అవి మనం వేరేగా అడగాలి, గట్టిగా అడగాలి. పింఛను ఇస్తున్నాం కదా అని ఎవరైనా అంటే, పింఛను వచ్చేది ఆసుపత్రికి వెళ్ళడానికి, ఆసుపత్రికి బదులుగా కాదు అని చెప్పండి.

ఇక మీ వంతు. పరీక్షకు ముందు చెప్పినట్టే చెబుతాం, గుర్తుపెట్టుకోండి.

మొదటిది, రక్త పరీక్ష చేయించుకోండి. 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది, 40 ఏళ్ళ లోపువారికి పరీక్షలు చేస్తున్నారు. పెళ్ళి మాటల కంటే ముందే మీ కార్డు మీ చేతిలో ఉండాలి. ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది. వాహకులని తెలిస్తే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తెలియకుండా ఉండటమే నష్టం.

రెండవది, కాగితం. మీరు ఫోనులో అన్నీ చేయగలరు. మీ ఊళ్ళో జబ్బున్న ఒక్క ఇంటిని ఎంచుకోండి. ఆధార్, ఆసుపత్రి ధృవీకరణ, బ్యాంకు పుస్తకం, మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. సచివాలయానికి వాళ్ళతో పాటు వెళ్ళండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ కూడా ఉందని చెప్పండి. బతిమాలవద్దు. అది దానం కాదు, హక్కు.

మూడవది, తోడు. నెలకోసారి ఆసుపత్రికి ఒకరికి తోడు వెళ్ళండి. మీరు వెళితే ఒక తల్లికి ఒక రోజు కూలి మిగులుతుంది. అదీ నగదు సాయమే.

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పేరు చెప్పం, ఆమె మీ మధ్యే కూర్చుని ఉండొచ్చు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు హాస్టల్ అంతా తిరిగి చూసింది. స్నానాల గదుల దగ్గర పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఇప్పుడు చలికాలంలో ఏ పిల్లా మా దగ్గర చన్నీళ్ళు పోసుకోదు. ఆమె ఏమీ అనలేదు, చెయ్యి పెట్టి వేడి చూసింది. "చాలు మేడం, సరిపోయాయి" అంది.

జై ఆదివాసీ.