చేతిలో డబ్బు ఎన్ని నెలలొస్తుంది?



ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయంటే మనలో ఎవరైనా వెంటనే చెబుతాం. ఇప్పుడు రాబడి ఆగిపోతే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందంటే తడుముకుంటాం. కె.సి. కాలువకు నీళ్లు ఆలస్యమైన ఏడాది, ధర పడిపోయిన ఏడాది మనకు అక్కరకొచ్చేది ఆ లెక్కే.

పిల్లల పాత నోటుపుస్తకం చాలు. తిండి, ఫీజులు, మందులు, పశువుల దాణా, వడ్డీ అన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో రాయండి. 12,000 రూపాయలు అనుకుందాం. చేతిలో, బ్యాంకులో కలిపి 48,000 ఉంటే నాలుగు నెలలొస్తుంది. రావాల్సిన బాకీలు, కల్లంలో వడ్లు ఇందులో కలపొద్దు. సేద్యం పెట్టుబడి వేరే పేజీలో రాయాలి. కోతకు ఆరు నెలలుంటే రెండు నెలల లోటు ఇప్పుడే బయటపడుతుంది. ప్రతి నెలా ఒకటో తేదీన ఇంట్లో ఆడవాళ్లతో కలిసి కూర్చుని చూడండి. ఇంటి ఖర్చు వాళ్లకే బాగా తెలుసు.

ముందే తెలిస్తే ఏం లాభమంటారా? లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24,000 వడ్డీ. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణానికి 7 శాతం. గడువులోగా కడితే అందులో 3 శాతం రాయితీ పోను 4,000. తేడా 20,000. ఆ గడువు తేదీ పుస్తకం మొదటి పేజీలోనే ఉండాలి.

చేతిలో డబ్బు లేనివాడు కల్లంలోనే అమ్ముతాడు. క్వింటాకు 200 తక్కువకు 60 క్వింటాళ్లు అమ్మితే 12,000 పోయినట్టే. అంటే ఒక నెల ఇల్లు గడిచే డబ్బు.

అయితే పుస్తకం ఒక్కటే మనల్ని గట్టెక్కించదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతు కార్డుకు భూ యజమాని సంతకం అడిగింది. యజమాని సంతకం పెట్టకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే బ్యాంకు గడప దాటలేం. ఇక మిగిలేది నూటికి రెండు రూపాయల వడ్డీనే. మద్దతు ధర కట్టేటప్పుడు మేం కట్టిన కౌలు, సొంత భూమి అద్దె, పెట్టుబడిపై వడ్డీ అన్నీ కలిపి, దానిపై 50 శాతం ఇవ్వాలని సంఘం అడుగుతోంది. ఆ మాట నిలబడాలంటే ఊరూరా రాసిన లెక్కలు కావాలి.

అందుకే వచ్చే నెల సమావేశానికి పుస్తకంతో రండి. రాయడం రానివాళ్లకు పక్కనున్నవాళ్లు రాసిపెట్టాలి. ఎవరింట్లో లోటు ముందు కనిపిస్తే వాళ్ల రుణం పని ముందు చూద్దాం. నీళ్లు రావడం, ధర పలకడం మన చేతిలో లేవు. లెక్క రాయడం, కలిసి అడగడం మన చేతిలోనే ఉన్నాయి.