30 గంటల గీత
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలో ఏ ఇంట చూచినా ఒకరు దుకాణంలోనో, కార్ఖానాలోనో, స్కూల్లోనో జీతానికి పనిచేసేవారే. కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అందుకని ఈ ఏడు మేము ఎన్నుకున్న విషయం ఇది: వైద్య ఇన్సూరెన్సు చట్టం మారితే మనిషి చేసే నౌకరీ ఎట్లా మారుతుంది?

అమెరికాలో చాలామందికి వైద్య ఇన్సూరెన్సు యజమాని ద్వారానే దొరుకుతుంది. 2010 మార్చి 23న అధ్యక్షుడు ఒబామా సంతకంతో 'అఫర్డబుల్ కేర్ యాక్టు' చట్టమైంది. 50 మంది, అంతకు మించి ఫుల్‌టైము పనివారున్న సంస్థ వారికి ఇన్సూరెన్సు ఇవ్వజూపాలి. లేకుంటే జరిమానా పడవచ్చు. ఫుల్‌టైము అంటే వారానికి సగటున 30 గంటలు. ఈ నిబంధన పెద్ద సంస్థలకు 2015 నుంచి, 100 మందికి లోపున్న వాటికి 2016 నుంచి అమలైంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. 30 గంటలు చేసేవానికి యజమాని ఖర్చు పెట్టాలి, 29 గంటలు చేసేవానికి అక్కర్లేదు. ఇంకేముంది, కొందరు గంటలు కోశారు. వర్జీనియా రాష్ట్ర ప్రభుత్వమే తన పార్ట్‌టైము పనివారికి 29 గంటల హద్దు పెట్టింది. కాలేజీల్లో పార్ట్‌టైముగా పాఠాలు చెప్పేవారికి కొన్నిచోట్ల క్లాసులు తగ్గించారు.

పంతుళ్ళం కనుక ఈ సంగతి మాకు మనసుకు తగిలింది. క్లాసులో నిలబడినదే పనా? ఇంటికి మోసుకొచ్చి దిద్దే కాపీలు పని కావా? 2014లో అక్కడి పన్నుల శాఖ, వారానికి ఒక గంట పాఠాన్ని రెండుంబావు గంటల పనిగా కట్టవచ్చునని ఒప్పుకుంది. ఆ లెక్కన 12 గంటల పాఠం 27 గంటల పని. 14 గంటల పాఠం 31న్నర గంటలు. రెండు గంటల పాఠం తేడాతో ఒక కుటుంబం గీతకు ఇవతలో అవతలో పడుతుంది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2014 నుంచి, పాత జబ్బు ఉందని ఇన్సూరెన్సు కంపెనీ ఎవరినీ తోసిపుచ్చరాదు. విడిగా కొనుక్కునేవారిలో అర్హులకు ఆదాయాన్నిబట్టి ప్రభుత్వ సాయం ఏర్పడింది. ఇన్సూరెన్సు కోసమే ఇష్టం లేని నౌకరీని పట్టుకు వేలాడినవారికి, పసిబిడ్డ కోసమో ముసలి తల్లి కోసమో పని తగ్గించుకునే వీలు కలిగింది. దేశం మొత్తంమీద ఫుల్‌టైము పనులు పెద్ద ఎత్తున పార్ట్‌టైము అయిపోలేదని తరువాతి పరిశోధనలు ఎక్కువగా తేల్చాయి. అంటే పార్ట్‌టైము రెండు రకాలు: మనిషి కోరుకున్నది, మనిషి నెత్తిన రుద్దినది. పేరు ఒకటే గాని బతుకులు వేరు.

మరి మన సంగతి? మన ఇ.ఎస్.ఐ. చట్టం 1948లో వచ్చింది. అది గంటలనుబట్టి గీత గీయలేదు, జీతాన్నిబట్టి గీసింది. 2017లో ఆ హద్దును నెలకు 21,000 రూపాయలు చేశారు. 2019 జూలైలో చందాను పనివాని వంతు 0.75 శాతానికి, యజమాని వంతు 3.25 శాతానికి తగ్గించారు. పార్ట్‌టైము పనివాడు కూడా ఇందులోకి వస్తాడు. కాని 10 మంది అన్న గీత ఒకటున్నది. పదో మనిషిని పుస్తకంలో రాయకపోతే నష్టపోయేది అతడొక్కడే కాదు, తక్కిన తొమ్మిదిమందీను.

కాబట్టి రెండు మాటలు మనవి చేస్తాము. మనలో దుకాణాలు, కార్ఖానాలు నడిపే సోదరులు సాయంత్రం పూట వచ్చే కుర్రవాణ్ణి సైతం లెక్కలో రాయండి. నౌకరీ చేసేవారు జీతం చీటీలో చందా పడుతున్నదా, ఇంటివారి పేర్లు కార్డులో ఎక్కాయా అని ఈ వారమే చూచుకోండి. చదవడం రాకపోతే చీటీ పట్టుకుని మా దగ్గరికి రండి, కూర్చుని చూద్దాము. జబ్బు గంటలు లెక్కపెట్టుకుని రాదు కదా!